మ్యూజియం షాపుల్లో ఆన్‌లైన్ గిఫ్టులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఒకే విషయం అడిగారు, మ్యూజియంలూ ఆర్ట్ గ్యాలరీలూ నడిపే ఆన్‌లైన్ షాపుల్లో గిఫ్టులు కొనడం గురించి. నాకు బాగా ఇష్టమైన సంగతి కాబట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్ర: మా అక్కకి పెయింటింగులంటే ప్రాణం. తన పుట్టినరోజుకి ఏదైనా కొందామని ఒక పెద్ద మ్యూజియం షాపు సైటు తెరిస్తే మగ్గులు, స్కార్ఫులు, బ్యాగులు, పోస్టర్లు, వేలల్లో ఉన్నాయి. స్క్రోల్ చేసీ చేసీ విసుగొచ్చి మూసేశా. అసలు ఎక్కడ మొదలెట్టాలి మేడమ్?

జ: మగ్గు కొనాలా స్కార్ఫు కొనాలా అని మొదలెడితే ఎప్పటికీ తేలదండీ. ముందు బొమ్మ ఎంచుకోండి, వస్తువు సంగతి తర్వాత. షాపు పేజీ కాసేపు మూసేసి అదే మ్యూజియం సైట్లో కలెక్షన్ పేజీకి వెళ్లండి, అక్కడ ప్రతి వస్తువు గురించీ ఎవరు చేశారు, ఎప్పుడు, దేంతో, ఎక్కడ దొరికింది అని రాసుంటుంది, అది చదువుతుంటే అరే ఇది అచ్చం మా అక్క కోసమే అనిపించేది ఒకటి తగులుతుంది, అప్పుడు దాని పేరుతో షాపులో వెతకండి.

ఉదాహరణకి డచ్ చిత్రకారుడు వాన్ గో గీసిన బాదం పూల కొమ్మల పెయింటింగ్ తీసుకోండి. లేత నీలం ఆకాశం, తెల్లటి పూలు, చూడ్డానికి హాయిగా ఉంటుంది కాబట్టి గొడుగుల నుంచి కళ్లజోడు పెట్టెల దాకా అన్నిటి మీదా వేస్తారు. కానీ వాన్ గో దాన్ని వేసింది 1890లో, తమ్ముడు థియోకి కొడుకు పుట్టాడని తెలిసి ఆ పసివాడి కోసం. ఆ పిల్లాడికి పెదనాన్న పేరే పెట్టారు. వాడే పెద్దయ్యాక ఇంట్లో మిగిలిన పెదనాన్న బొమ్మలు చెదిరిపోకుండా కాపాడి ఒక ఫౌండేషన్‌కి అప్పగించాడు, 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం తెరవడానికి అదే కారణం. ఇప్పుడు చెప్పండి, కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి ఇంతకంటే మంచి బొమ్మ ఉంటుందా? చిన్న కార్డు మీద ఈ కథ మీ చేత్తో రాసి పెడితే చాలు.

చెస్ ఆడేవాళ్లుంటే లూయిస్ చెస్ పావుల నకళ్లు చూడండి. స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో 1831లో బయటపడ్డాయి, 12వ శతాబ్దానివి, ఎక్కువ భాగం వాల్రస్ దంతంతో చెక్కినవి. మొత్తం 93 వస్తువులు దొరికితే అందులో 82 బ్రిటిష్ మ్యూజియంవి, 11 స్కాట్లాండ్ నేషనల్ మ్యూజియంవి. రాణి చెంపకి చెయ్యి ఆనించుకుని దిగులుగా కూర్చుని ఉంటుంది, ఒక సైనికుడైతే కోపం ఆపుకోలేక తన డాలుని తానే పళ్లతో కొరుకుతుంటాడు! నాకు ఆ సైనికుడంటే ఎంత ఇష్టమో చెప్పలేను. సెట్టు మొత్తం కొనే బడ్జెట్ లేకపోతే ఒక్క పావు విడిగా అమ్ముతున్నారేమో చూడండి, టేబుల్ మీద ఆ ఒక్కటే ఎంతో బాగుంటుంది.

మొక్కలు పెంచేవాళ్లకైతే ఇంగ్లండ్ డిజైనర్ విలియమ్ మారిస్ 1883లో చేసిన స్ట్రాబెరీ థీఫ్ డిజైన్. తోటలో పండ్లు ఎత్తుకుపోయే పిట్టల్ని చూసి విసుక్కోకుండా వాటినే డిజైన్ చేసేశాడాయన. లండన్ వి అండ్ ఎ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియంలో ఆ గుడ్డ ఉంది, షాపులో ఆ డిజైన్‌తో వస్తువులూ దొరుకుతాయి. మీ అక్కకి ఏది సరిపోతుందో మీకే బాగా తెలుస్తుంది, తను ఎప్పుడైనా ఏ బొమ్మ ముందైనా ఆగిపోయి చూసిందా, ఫోన్ వాల్‌పేపర్‌గా ఏం పెట్టుకుంది, అలాంటివి గుర్తుచేసుకోండి.

ప్ర: అవే బొమ్మలున్న మగ్గులూ పోస్టర్లూ మామూలు షాపింగ్ సైట్లలో సగం ధరకే దొరుకుతున్నాయి కదా. మ్యూజియం షాపుకి ఎక్కువ ఎందుకివ్వాలి?

జ: న్యాయమైన ప్రశ్న. పాత పెయింటింగుల మీద కాపీరైట్ అయిపోయింది కాబట్టి వాటిని ఎవరైనా ప్రింట్ చేసి అమ్ముకోవచ్చు, అది దొంగతనం ఏమీ కాదు. చాలా దేశాల్లో కళాకారుడు చనిపోయాక 70 ఏళ్ల వరకూ కాపీరైట్ ఉంటుంది. పికాసో పోయింది 1973లో కాబట్టి ఆ లెక్క నడిచే దేశాల్లో ఆయన బొమ్మలు వాడాలంటే ఇప్పటికీ అనుమతి కావాల్సిందే, మామూలు సైట్లలో అలాంటివి చవగ్గా కనిపిస్తే అనుమానించండి.

మరి మ్యూజియం షాపులో తేడా ఏంటంటే, వాళ్ల దగ్గర అసలు బొమ్మ గోడ మీదే ఉంటుంది, రంగులు దానితో పోల్చి చూసుకునే వీలుంటుంది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ బయట ప్రింట్లలో ఒకచోట ఆకుపచ్చగా, ఒకచోట ఊదాగా, ఎవరికి తోచినట్టు వాళ్లు వేసేస్తుంటారు, కొందరైతే పక్కలు కోసేసి అంచులో ఉండే సంతకం కూడా తీసేస్తారు. ఇంకోటి, మీరిచ్చే డబ్బులో లాభం మ్యూజియానికి పోతుంది. పాతవాటిని జాగ్రత్తచేయడం, ఎగ్జిబిషన్లు పెట్టడం ఊరికే అవ్వవు కదా. నాకు ఈ రెండో కారణమే ముఖ్యం, కొంచెం ఎక్కువైనా అందుకే అక్కడ కొంటా.

అయినా బడ్జెట్ లేదనుకోండి, మ్యూజియంలే దానికీ దారి చూపించాయి! ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం 2012 నుంచి తన బొమ్మల్ని పెద్ద సైజులో ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తోంది. న్యూయార్క్ మెట్ మ్యూజియం 2017లో, అమెరికాలోనే ఉన్న స్మిత్‌సోనియన్ మ్యూజియంలు 2020లో కాపీరైట్ లేని లక్షల బొమ్మల్ని ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేశాయి. మంచి ఫైల్ దించుకుని మంచి ప్రింటింగ్ షాపులో మందపాటి మ్యాట్ పేపర్ మీద వేయించండి. పిక్సెల్స్ మాత్రం చూసుకోండి, అంగుళానికి 300 చొప్పున కావాలి కాబట్టి ఏ3 సైజుకి ఒకవైపు సుమారు 3500, ఇంకోవైపు 5000 ఉండాలి, అంతకంటే బాగా తక్కువైతే దగ్గర్నించి చూస్తే మసకగా కనిపిస్తుంది.

ప్ర: శిల్పాల రెప్లికాలు, పాత నగల మోడల్స్ ఫోటోలో అద్భుతంగా ఉంటాయి, ఇంటికొచ్చాక ఎలా ఉంటాయో అని భయం. ఏం చూసుకోవాలి?

జ: అన్నిటికంటే ముందు సైజు. ఫోటోలో చిన్నదీ పెద్దదీ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి సెంటీమీటర్లు చదివి, స్కేలు తీసి టేబుల్ మీద పెట్టి కొలిచి చూడండి, అప్పుడే అర్థమవుతుంది. ఇక్కడొక తమాషా ఉంది, కొన్నిసార్లు అసలు వస్తువే చిన్నది. హొకుసాయ్ అల బొమ్మ ఎంత పేరున్నదైనా అసలు ప్రింటు ఎత్తు 25 సెంటీమీటర్లు, వెడల్పు 37, అంతే. అందుకే దాన్ని గోడంత పోస్టర్‌గా కంటే అసలు సైజులో ఇస్తేనే నాకు నచ్చుతుంది.

తర్వాత మెటీరియల్. కంచు శిల్పంలా కనిపించేది చాలాసార్లు రెజిన్‌తో (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పోతపోసి పైన కంచు రంగు వేసింది అయ్యుంటుంది. రెజిన్ అంటే నాసిరకం అని కాదు, తేలిక, పోస్టులో పంపడానికి మంచిది, వివరాలు కూడా బాగా వస్తాయి, కానీ కంచు ధర పెట్టి రెజిన్ కొనకూడదు. నగల్లో బంగారు పూత అని రాస్తే పూత కింద ఏ లోహమో చూడండి. వర్మే అని ఉంటే వెండి మీద బంగారు పూత, ఇత్తడి మీద పూత కంటే అదే మేలు. గిఫ్టు తీసుకునేవాళ్లకి నికెల్ పడదంటే చెవిపోగుల విషయంలో నికెల్ లేదని స్పష్టంగా రాసినవే తీసుకోండి.

ఇంకా, రెప్లికా అంటే అసలుదానికి నకలు. ఇన్‌స్పైర్డ్ బై అంటే దాన్ని చూసి వేరేగా చేసుకున్నది, అసలుదానికి దగ్గరగా ఉండాలని ఏమీ లేదు. రెండూ మంచివే కానీ చరిత్ర బాగా తెలిసినవాళ్లకి ఇచ్చేటప్పుడు మొదటిదే ఇవ్వండి, వాళ్లు తేడా పట్టేస్తారు. మెట్ మ్యూజియంలో విలియమ్ అని ముద్దుపేరున్న నీలం నీటిగుర్రం బొమ్మ ఉంది, ఈజిప్టులో ఒక సమాధిలో దొరికింది, దాదాపు 4000 ఏళ్ల నాటిది, ఒంటినిండా తామరపూలు గీసుంటాయి. దాని మూడు కాళ్లు అప్పట్లో కావాలనే విరగ్గొట్టారు, చనిపోయినవాళ్లకి ఆ లోకంలో నీటిగుర్రం హాని చేయకూడదని. ఇప్పుడున్న కాళ్లు తర్వాత అతికించినవి. ఇంత చిన్న బొమ్మలో అంత భయం దాగుందని తెలిశాక పిల్లలకి ఆ కథ చెప్పి ఇవ్వండి, ఎంత జాగ్రత్తగా పెట్టుకుంటారో.

ప్ర: వేరే దేశం మ్యూజియం నుంచి నేరుగా స్నేహితురాలి అడ్రస్‌కి పంపిస్తే సరిపోతుందా? డ్యూటీలు ఉంటాయంటున్నారు.

జ: ఉంటాయి, అదే అసలు చిక్కు. డ్యూటీ, టాక్స్ ముందే కట్టించుకునే షాపులు కొన్ని, డెలివరీ అప్పుడు తీసుకునేవాళ్ల దగ్గర వసూలయ్యేలా వదిలేసేవి కొన్ని. రెండో రకమైతే మీ స్నేహితురాలు తన గిఫ్టుకి తనే డబ్బు కట్టాల్సొస్తుంది, ఎంత ఇబ్బందిగా ఉంటుందో చూడండి. చెకౌట్ దగ్గర పన్నులు కలిపారో లేదో చూసి, అర్థం కాకపోతే షాపుకి మెయిల్ పెట్టి అడగండి. గిఫ్టు అని టిక్ పెట్టినంత మాత్రాన పన్ను పోతుందనుకోవద్దు.

దీనికంటే తేలిక దారి, తను ఉండే దేశంలోని మ్యూజియం షాపులోనే కొనడం. షిప్పింగ్ తగ్గుతుంది, కస్టమ్స్ గోల ఉండదు, సైజు మార్చుకోవాలన్నా తనకి సులువు. గాజు ఫ్రేముతో ఉన్న ప్రింట్లు దూరం పంపకండి, గొట్టంలో చుట్టి వచ్చేదే తీసుకుని ఫ్రేము అక్కడే కట్టించుకోమనండి. గిఫ్ట్ రసీదు పెట్టమని అడిగితే ధర లేని కాగితం పెడతారు చాలా చోట్ల. పండగ సీజన్‌లో అయితే కనీసం నెల ముందే ఆర్డర్ పెట్టండి.

ప్ర: సోషల్ మీడియాలో మ్యూజియం పేరుతో 80 శాతం డిస్కౌంట్ యాడ్ వచ్చింది. నమ్మొచ్చా?

జ: నమ్మొద్దు. ఆ యాడ్ నొక్కకుండా మ్యూజియం అసలు సైటుకి మీరే వెళ్లి, అక్కడ షాప్ అని ఉన్న లింకు నుంచి లోపలికి వెళ్లండి. ఆ డిస్కౌంట్ అక్కడ కనపడకపోతే అది మోసమే.

ప్ర: మా మావయ్యగారికి వస్తువులు అక్కర్లేదు, ఇల్లంతా నిండిపోయిందంటారు. కానీ మ్యూజియం అంటే రోజంతా ఉండిపోతారు. ఆయనకేం ఇవ్వాలి?

జ: ఆయనకి దగ్గర్లో ఉన్న మ్యూజియం మెంబర్‌షిప్ కొనిచ్చేయండి! చాలా మ్యూజియంలు దీన్ని గిఫ్టుగా ఆన్‌లైన్‌లోనే అమ్ముతాయి. ఏడాదంతా ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు, కొన్నిచోట్ల తోడుగా ఇంకొకర్ని తీసుకెళ్లొచ్చు, షాపులో డిస్కౌంట్ కూడా ఇస్తారు, 10 శాతం మామూలుగా కనిపించేది. ఆయన దూరం తిరగలేకపోతే మాత్రం మెంబర్‌షిప్ వద్దు, ఎగ్జిబిషన్ క్యాటలాగ్ ఒకటి ఇవ్వండి. మంచి ప్రింటింగ్, నిపుణుల వ్యాసాలు ఉంటాయి, ఎగ్జిబిషన్ అయిపోయాక చాలావాటిని తగ్గింపు ధరకి పెడతారు కూడా.

ప్ర: ఒక జాతి పూజించుకునే వస్తువు బొమ్మని కాళ్ల కింద వేసుకునే పట్టా మీద ముద్రించి అమ్ముతుంటే మనసొప్పలేదు. నేను అతిగా ఆలోచిస్తున్నానా?

జ: లేదండీ, సరిగ్గానే ఆలోచిస్తున్నారు. మ్యూజియంలో ఉన్న ప్రతి వస్తువూ మంచి దారిలో వచ్చింది కాదు. ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యపు కంచు శిల్పాల్ని 1897లో బ్రిటిష్ సైన్యం రాజభవనం నుంచి దోచుకెళ్లింది, వాటిని తిరిగివ్వమని నైజీరియా ఇప్పటికీ అడుగుతూనే ఉంది, కొన్ని మ్యూజియంలు ఇచ్చాయి కూడా. అలాంటి వస్తువుని కీ చైన్‌గా కొనడం నాకైతే ఇష్టం ఉండదు.

దానికి బదులు ఆ సంస్కృతికి చెందిన ఇప్పటి కళాకారులు తమ చేత్తో చేసినవి ఎక్కడున్నాయో చూడండి, చేసినవాళ్ల పేరు, ఊరు రాసి అమ్మే మ్యూజియం షాపులు ఉన్నాయి. అమెరికా ఆదివాసీల చేతిపనుల విషయంలో 1990లో చట్టమే చేశారు, ఆ తెగలవాళ్లు చేయనిదాన్ని వాళ్లు చేసినట్టు చెప్పి అమ్మడం అక్కడ నేరం. వివరాల్లో తెగ పేరుతో పాటు కళాకారుడి పేరు కూడా ఉంటే ధైర్యంగా కొనండి, ఉత్త డిజైన్ పేరు మాత్రమే ఉంటే షాపుకి మెయిల్ పెట్టి ఎవరు చేశారు, వాళ్లకి ఎంత వెళ్తుంది అని అడగండి. మీరు చూసిన ఆ పట్టా గురించి కూడా రాయండి, ఏ వస్తువో పేరు చెప్పి, ఎందుకు బాధ కలిగిందో నాలుగు ముక్కల్లో.