కబడ్డీలో కుదిరిన జట్టు వ్యాపారంలో ఎందుకు కుదరట్లేదు?

కావలి నుంచి బీకాం చివరి సంవత్సరం కుర్రాడు అడిగాడు: "సార్, కాలేజీ కబడ్డీ జట్టుకి నేనే కెప్టెన్‌ని. అదే జట్టులో ఇంకో ముగ్గురితో కలిసి రొయ్యల గుంటల దగ్గర సరుకు కొని కంపెనీలకు వేస్తున్నాం. నలుగురం రేటు మాట్లాడతాం, ఐసు, బండి సంగతి చివర్లో గుర్తొస్తుంది. రోజూ గొడవే. జట్టు మార్చాలా?"

మార్చొద్దు తమ్ముడూ. కోర్టులో మీరు మాట్లాడుకోకుండానే ఆడగలిగింది స్నేహం వల్ల అనుకుంటున్నావేమో, కాదు, ఎవరి చోటు ఎవరిదో ముందే తేలిపోయి ఉండబట్టి. చివర నిలబడే కార్నర్‌వాడు రైడర్ మడమ దొరకబుచ్చుకోగానే, అతనికి దన్నుగా కవర్‌వాడు వచ్చి మీద పడతాడు, ఎవరూ ఎవర్నీ అడగరు. అదే పక్కవాళ్లు సిద్ధంగా లేనప్పుడు ఒక్కడే ముందుకు దూకితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు మీ వ్యాపారంలో నలుగురూ కూతకి వెళ్లేవాళ్లే, వెనక కాచేవాడు లేడు.

కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి రేటు తేల్చే పని ఒక్కడికే ఇవ్వండి. నలభై కౌంట్ అనుకున్న గుంటలో పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, యాభై తేలితే, మిగతా ముగ్గురికీ ఫోన్లు చేస్తూ రైతు ముందు నిలబడకుండా, అక్కడే రేటు చెప్పే అధికారం అతనికి ఉండాలి. నచ్చకపోతే రాత్రి పోట్లాడుకోండి, గట్టు మీద మాత్రం వద్దు. ఐసు, బండి ఇంకొకడివి, వసూళ్లు, లెక్కలు మూడోవాడివి, రైతులతో రాకపోకలు నాలుగోవాడివి. ప్రతి పనికీ కవర్ ఎవరో కూడా ఇప్పుడే అనుకోండి, ఎందుకంటే మీకు పరీక్షలొస్తాయి, ఇద్దరే మిగిలే రోజులుంటాయి. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టు పడితే సూపర్ టాకిల్ అని పాయింట్ ఎక్కువిస్తారు కదా, ఆ పరిస్థితికి మీరు విడిగా ప్రాక్టీస్ చేసే ఉంటారు. ఇక్కడా చెయ్యండి.

ఇంకోటి, ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. 30 సెకన్లలో కూత అయిపోతుంది, స్కోరు బోర్డు మీద పడుతుంది, వరసగా రెండు రైడ్లు పాయింట్ లేకుండా ఖాళీగా వెళ్తే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేవాలి లేదా ఔటవ్వాలి అని అందరికీ తెలుసు. మీ వ్యాపారంలో ఆ బోర్డు లేదు, కంపెనీ డబ్బు వచ్చేదాకా నష్టమో లాభమో కనపడదు, ఆ చీకట్లోనే అనుమానాలు పెరుగుతాయి. అందుకే ఏ కౌంట్ ఎన్ని కిలోలు కొన్నారు, ఎంత ఇచ్చారు, ఎంత రావాలి అనేది ప్రతి రాత్రీ నలుగురికీ కనపడే ఒకే పుస్తకంలో రాయండి.

ఆటతో పోలిక కుదరని చోటూ ఒకటుంది. రైడర్ ఔటైతే ఒక్కడే బయట కూర్చుంటాడు. భాగస్వామ్యంలో ఒకడు వ్యాపారం పేరిట చేసిన అప్పుకి నలుగురూ బాధ్యులే, 1932 నాటి భాగస్వామ్య చట్టం అలాగే చెబుతుంది. ఒప్పందంలో వేరే రాసుకోకపోతే లాభనష్టాలు సమానంగా పంచాల్సిందే, ఒకడు రాత్రంతా గుంట దగ్గరున్నా, ఇంకొకడు ఇంట్లో నిద్రపోయినా. ఫర్మ్ రిజిస్టర్ చేయించకపోతే సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టినవాళ్ల మీద వాళ్లతో చేసుకున్న అమ్మకం ఒప్పందాన్ని పట్టుకుని దావా వేసే దారి కూడా మూసుకుపోతుంది. స్నేహితుల మధ్య కాగితాలేంటి అని మొహమాటపడకండి, తర్వాతి పట్టుబడి లోపల నలుగురూ కలిసి ఒక ఆడిటర్ దగ్గర కూర్చుని ఒప్పందం రాయించుకోండి. ఎవరి వాటా ఎంత, ఎవరు ఎంతవరకు అప్పు తేవచ్చు, మధ్యలో ఒకడు ఉద్యోగానికి వెళ్లిపోతే అతని డబ్బు ఎలా ఇస్తారు, ఈ మూడూ అందులో ఉండేలా చూసుకో.