అద్దె పుస్తకాల్లో టిక్కు పెట్టిందెవరు?

మీరడిగినవి రెండు. పుస్తకాల షాపు చుట్టూ నడిచే కోజీ మిస్టరీలు, అంటే భయం లేకుండా హాయిగా చదువుకునే డిటెక్టివ్ కథలు, ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఒకటి, అలాంటి కథను మన ఊళ్ళో పెట్టి రాస్తే అతుకుతుందా అన్నది రెండు. మొదటిది గబగబా చెప్పేస్తాను. రెండోదాని దగ్గర కాసేపు కూర్చోవాలి, ఎందుకంటే కర్నూల్లో నేను ఇంటర్ చదివే రోజుల్లో అలాంటి కేసొకటి నిజంగానే నా మెడకు చుట్టుకుంది.

కరోలిన్ హార్ట్ రాసిన ‘డెత్ ఆన్ డిమాండ్’తో మొదలుపెట్టండి, 1987 నాటిది. అమెరికాలో సౌత్ కరోలినా తీరాన చిన్న ద్వీపం, అక్కడ మిస్టరీ పుస్తకాలు మాత్రమే అమ్మే షాపు, ఆదివారం రాత్రి అందులో చేరే రచయితలు. వాళ్ళలో ఒకాయన మిగతావాళ్ళ గుట్టు బయటపెడతానని లేస్తాడు, లైట్లు ఆరిపోతాయి, మళ్ళీ వెలిగేసరికి ఆయన పోయి ఉంటాడు. కరెంటు పోవడం మనకు అలవాటే కాబట్టి ఆ సీను బాగా ఎక్కుతుంది. తర్వాత లోర్నా బారెట్ ‘మర్డర్ ఈజ్ బైండింగ్’, 2008లో వచ్చింది. ఇందులో వీధి వీధంతా పుస్తకాల షాపులే. వేల్స్‌లో హే-ఆన్-వై అని నిజంగానే అలాంటి ఊరుంది, రిచర్డ్ బూత్ అనే పాత పుస్తకాల వ్యాపారి 1977 ఏప్రిల్ 1న ఆ ఊరికి తానే రాజునని చాటుకున్నాడు. ఆ ఊరి పోలికతోనే నవల్లో ఊరు ఉంటుంది. వంటల పుస్తకాలమ్మే ఆవిడను ఎవరో పొడిచేస్తారు, అరుదైన వంటల పుస్తకం ఒకటి మాయమవుతుంది. నాకైతే హంతకుడికంటే అందులో అక్కాచెల్లెళ్ళ కీచులాటే ఎక్కువ గుర్తుండిపోయింది. షెర్లాక్ హోమ్స్ పిచ్చి ఉంటే వికీ డెలానీ సిరీస్ చూడండి, 2017లో వచ్చిన మొదటి నవల్లో హోమ్స్ తొలి కథ అచ్చయిన 1887 నాటి పత్రికను ఎవరో తెచ్చి షాపులో దాచిపోతారు.

ఈ రకం నవలల్లో నెత్తురు మన కళ్ళముందు పారదు, పరిశోధించేది పోలీసు కాదు, ఆ ఊళ్ళోనే పాలవాడితో బేరమాడుతూ బతికే మామూలు మనిషి. 1930లో అగాథా క్రిస్టీ రాసిన ముసలావిడ డిటెక్టివ్ మిస్ మార్పుల్ తొలి నవల వచ్చినప్పటి నుంచి దారి ఇదే. లోపం కూడా ఉంది, దాచేదేం లేదు. చిన్న ఊరన్నాక పుస్తకానికొక శవం చొప్పున లేస్తుంటే నాలుగో భాగానికి నవ్వొస్తుంది. ‘మర్డర్, షీ రోట్’ అనే టీవీ సీరియల్ 1984 నుంచి 1996 దాకా నడిచి, వాటిలో చాలా హత్యలు ఒకే చిన్న ఊళ్ళో చేయించి చేయించి, చివరికి ఆ ఊరి పేరుతోనే ‘కాబట్ కోవ్ సిండ్రోమ్’ అనే ఎగతాళి పుట్టింది.

ఇక మన సంగతి. మన ఊళ్ళలో పుస్తకాల షాపంటే జూన్‌లో నోటుబుక్కులు, అట్టలు, తర్వాత ఏడాదంతా గైడ్లు. దాంట్లో ఏ కథా పండదు. మనకు సరిపోయేది అద్దె పుస్తకాల షాపు.

మాది కర్నూలు పాతబస్తీ. ఇంటికి రెండు వీధుల అవతల, మనిషి అడ్డంగా చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత గదిలో ఉండేది ఆ షాపు. ఇరవై రూపాయలు అడ్వాన్సు, రోజుకు అర్ధ రూపాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో, అన్నీ ఖాకీ అట్టలేసుకుని వీపుమీద నంబర్లతో ఉండేవి. మెంబర్లకూ నంబర్లే. షాపాయన దగ్గర పొడుగాటి రిజిస్టరు, అందులో ఏ నంబరు పుస్తకం ఏ నంబరు మనిషి ఎప్పుడు పట్టుకుపోయాడో అంతా రాసి ఉండేది.

1992లో అనుకుంటా, డిటెక్టివ్ పుస్తకాల్లో టిక్కులు మొదలయ్యాయి. కథ మొదట్లో హంతకుడి పేరు కనబడిన తొలి పేజీలోనే, ఆ పేరు పక్కన నీలం పెన్నుతో చిన్న టిక్కు. అంతే. మొదట ఎవరికీ అర్థం కాలేదు, అర్థమయ్యాక షాపులో గొడవే గొడవ. అద్దె కట్టనని ఒకాయన అడ్డం తిరిగాడు, ఇద్దరు ముగ్గురు అడ్వాన్సు వెనక్కి అడిగారు. షాపాయన తల పట్టుకుని, సాయంత్రాలు ఊరికే అక్కడే పడుండే నా ముందుకు రిజిస్టరు తోసి, “చూడప్పా, నువ్వు తెలివైనోడివి కదా, వాడెవడో పట్టుకో, నెల రోజులు నీకు అద్దె లేదు” అన్నాడు.

టిక్కు ఉన్న పుస్తకాలు తొమ్మిది తేలాయి. తొమ్మిదీ తీసుకున్న మెంబర్లు ఇద్దరు. ఒకాయన గుమాస్తా, లేటు ఫీజు దగ్గర షాపాయనతో ఎప్పుడూ పేచీ. ఇంకొకడు ఎనిమిదో తరగతి పిల్లోడు, పుస్తకం తెరవకుండా చంకలో పెట్టుకుని పరుగెత్తేవాడు. నేను వెంటనే గుమాస్తా మీద పడ్డాను. కారణం ఉంది, పగ ఉంది, జేబులో నీలం పెన్ను ఉంది, ఇంకేం కావాలి. షాపాయన చెవిలో ఊదాను కూడా. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే వారం తిరక్కుండా పదో పుస్తకం దొరికింది, దాన్ని ఆయన ముట్టుకోలేదు.

అప్పుడు నంబర్లు పక్కనపెట్టి పుస్తకాలు చూడటం మొదలుపెట్టాను. టిక్కు ఉన్న ప్రతి పుస్తకాన్నీ తెల్లకాగితం మీద బోర్లించి దులిపితే, కుట్టు సందుల్లోంచి గోధుమరంగు పలుకులు రాలాయి. వేలితో నలిపి వాసన చూశాను. వక్కపొడి. ఎనిమిదో తరగతి పిల్లోడు వక్కపొడి నములుతాడా? రిజిస్టరు తీసుకుపోయినవాడి పేరు చెబుతుంది గానీ చదివినవాళ్ళ పేరు చెప్పదని నాకప్పుడు వెలిగింది. ఈ కోజీ నవలల్లో షాపు యజమాని డిటెక్టివ్ అయితే అంత సహజంగా ఉండటానికి కారణం కూడా అదేనని నా లెక్క. ఎవరు ఏం చదువుతారో తెలిసిన మనిషికి వీధిలో సగం గుట్టు తెలిసినట్టే, మిగతా సగంలోనే తప్పటడుగు వేస్తాడు, కథంతా ఆ తప్పులో ఉంటుంది.

పిల్లోడి వెంట ఇంటికి పోయాం. మంచం మీద వాళ్ళవ్వ, ఒళ్ళో యుగంధర్, పక్కన వక్కపొడి డబ్బీ. షాపాయన నోరు తెరవకముందే ఆమె ఒప్పేసుకుంది. “నాకు బీపీ ఉంది నాయనా. సంపినోడు ఎవడో ముందే తెలియకపోతే రాత్రి నిద్రబట్టదు. అందుకే వీడు చివరి పేజీలు చదివి గుర్తు పెడతాడు, నేను టెన్షన్ లేకుండా చదువుకుంటా.” చదవడం మానెయ్యమని డాక్టరు చెప్పాడట, అది మాత్రం కుదరదంది. కోజీ అన్న మాట మేమెవరం వినకముందే ఆ పాఠకురాలు మా వీధిలో ఉంది.

షాపాయన ఏమన్నాడనుకున్నారు? జుబ్బా జేబులోంచి పెన్సిలూ రబ్బరూ తీసి మంచం మీద పెట్టాడు. గుర్తు పెట్టుకో, తిరిగిచ్చేటప్పుడు తుడిచి ఇవ్వు, అన్నాడు. గుమాస్తాకు నేను క్షమాపణ చెప్పలేదు, ఆయనకసలు తన మీద కేసు నడిచిన సంగతే తెలియదు.

తర్వాత కేబుల్ టీవీ వచ్చింది, ఆ షాపు జిరాక్స్ సెంటరైంది, మూసేసేముందు పుస్తకాలు చవగ్గా ఇచ్చేస్తుంటే నేనొక ముప్ఫై తెచ్చుకున్నాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు కింద బీరువాలో ఉన్నవన్నీ బురద ముద్దలయ్యాయి, అటక మీదున్న నాలుగు మిగిలాయి. మొన్న మీ ప్రశ్న చదివాక వాటిలో ఒకటి దించాను. పద్నాలుగో పేజీలో సరిగ్గా తుడవని పెన్సిలు టిక్కు, ఇంకా మసగ్గా ఉంది. నవల మొత్తం చదివాను. ఆ పేరున్నవాడు హంతకుడు కాదు. పిల్లోడు చివరి పేజీలు చదవకుండానే ఎవడో ఒకడికి టిక్కు కొట్టేసినట్టున్నాడు. ఆ రాత్రి అవ్వ ఎలా నిద్రపోయిందో!