గైడ్ లేకుండా తరంగంబాడి తిరగొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్నలతో చిదంబరం, నాగపట్నం వెళ్తున్నాం. దారిలో, ఒకప్పుడు డెన్మార్క్ వాళ్ల (డేనిష్ వాళ్ల) చేతిలో ఉన్న తరంగంబాడిలో ఒక పూట దిగాలని ఉంది. అక్కడ గైడ్లు దొరకరని, దొరికినా కోట చూపించి పంపేస్తారని విన్నాను. మా అంతట మేమే తిరిగితే ఏమైనా అర్థమవుతుందా? నాన్నకి మోకాళ్ల నొప్పులు కూడా. - ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అర్థమవుతుందండీ, టెన్షన్ పడకండి. చూడాల్సినవన్నీ దాదాపు ఒకటే వీధిలో, కింగ్ స్ట్రీట్‌లో ఉన్నాయి. నేను మొదటిసారి చేసిన తప్పు మాత్రం చేయకండి. మిట్టమధ్యాహ్నం కారు తీసుకెళ్లి కోట ముందే ఆపి, ఎండకి తట్టుకోలేక నాలుగు ఫొటోలు దిగి ముప్పావుగంటలో వచ్చేశాం. కోట చూశాం, ఊరు చూడలేదు.

పొద్దున ఆరున్నరకల్లా ఊరి మొదట్లో ఉన్న తెల్లటి గేటు దగ్గర దిగండి. డేనిష్ వాళ్లు 1792లో కట్టింది. కారుని ముందుగా కోట దగ్గరికి పంపేయండి, సముద్రం దాకా పది నిమిషాల నడకే కానీ మీరు రెండు గంటలు పెట్టుకోండి. నాన్నగారు అలిసిపోతే పాత ఇళ్ల అరుగులున్నాయి, ఇంటివాళ్లని ఒక మాట అడిగి కూర్చోవచ్చు.

దారిలో న్యూ జెరూసలేం చర్చి వస్తుంది, 1718 నాటిది. లోపలికి వెళ్లేముందు ఒక్కసారి తలెత్తి చూడండి. గోడ మీద కిరీటం, దాని కింద ఒకదానితో ఒకటి మెలేసుకున్న అక్షరాలు కనిపిస్తాయి, అది అప్పటి డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ ముద్ర. 1706లో వచ్చి ఇక్కడే తమిళంలో కొత్త నిబంధన అచ్చు వేయించిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ సమాధి లోపల ఉంది. ఆయన తర్వాత వచ్చిన షుల్జ్ జర్మనీ తిరిగి వెళ్లాక హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు, 1746 ప్రాంతంలో. మన అచ్చు పుస్తకాల కథలో ఈ వీధికీ ఒక పేజీ ఉందన్నమాట.

కోట దగ్గరికొచ్చేసరికి మనకి ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. 1620లో డేనిష్ వాళ్లకి ఇక్కడ చోటిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు, చేమకూర వెంకటకవిని పోషించినవాడు. ఆయన డెన్మార్క్ రాజుకి బంగారు రేకు మీద రాయించి పంపిన ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది. నేను చూసిన బోర్డుల్లో ఈ సంగతి పెద్దగా కనపడలేదు, కాబట్టి అమ్మానాన్నలకి మీరే చెప్పాలి! చివరికి 1845లో డేనిష్ వాళ్లు ఈ ఊరినీ, బెంగాల్లోని శ్రీరాంపూర్‌నీ కలిపి పన్నెండున్నర లక్షలకి ఇంగ్లీషువాళ్లకి అమ్మేశారు. కోటలోని మ్యూజియానికి వారంలో సెలవు రోజు ఉంటుంది, బయల్దేరేముందే కనుక్కోండి.

ఒడ్డునే మాసిలామణినాథర్ గుడి ఉంది. 1306లో పాండ్య రాజు కట్టించింది, ముందుభాగం చాలావరకు సముద్రం తినేసింది. తరంగంబాడి అంటే పాడే అలలు అని అందరూ చెప్తారు, వినడానికి బాగుంటుంది కానీ ఆ గుడి శాసనంలో ఊరి పేరు శడంగన్‌పాడి. అలల పాట తర్వాతెప్పుడో అతుక్కున్నట్టుంది.

ప్రశ్న: అంత దూరం వెళ్లలేం. మన దగ్గర ఇలా నడిచి చూసే ఊరేదైనా చెప్పండి. - ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: పక్కనే భీమిలి పెట్టుకుని అడుగుతున్నారా! బీచ్‌కి వెళ్లి బజ్జీలు తిని వచ్చేయకుండా ఈసారి గంటస్తంభం దగ్గర మొదలుపెట్టి, పాత వీధుల మీదుగా డచ్ వాళ్ల సమాధుల దాకా నడవండి. తర్వాత లైట్‌హౌస్, ఆ తర్వాతే బజ్జీలు.