క్లిక్కు గిట్టుబాటు చూసుకున్నాకే కీవర్డ్

చిరంజీవి అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కీవర్డ్‌ల జాబితా, అంటే జనం గూగుల్‌లో వెతికే మాటల్లో నువ్వు యాడ్స్ పెడదామనుకున్నవి, మొత్తం చదివాను. ఓపిగ్గానే పోగుచేశావు. కానీ అందులో మూడొంతులు కొట్టేయాల్సినవే. అఫిలియేట్ కమిషన్ల కోసం, అంటే వేరే కంపెనీ వస్తువు తమ లింక్ ద్వారా అమ్ముడైతే వచ్చే వాటా కోసం, సెర్చ్ యాడ్స్ కొనేవాళ్లకు మంచి మాటలు దొరక్క నష్టం రావడం తక్కువ. గిట్టని మాటలు వదులుకోలేకే ఎక్కువమంది మునుగుతారు. అందుకే ఏది ఎందుకు వదలాలన్నదే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందు లెక్క. ఒక అమ్మకానికి నీకు వచ్చే కమిషన్ 600 రూపాయలు అనుకో. నీ పేజీకి వందమంది వస్తే ఇరవైమంది అమ్మే కంపెనీ సైట్‌కి వెళ్తారు, ఆ ఇరవైలో ఒకరు కొంటారు. అంటే వంద క్లిక్కులకు 600. యాడ్‌ని నొక్కే ఒక్కో క్లిక్కుకు గూగుల్‌కి 6 దాటి పెట్టావంటే చేతి చమురు వదిలినట్టే. అక్కడితో అయిపోదు. కొన్నవాళ్లు సరుకు వాపసు ఇస్తే నీ కమిషనూ రద్దవుతుంది. పదింట్లో ఒకటి వాపసు వెళ్తే ఆ 6 కాస్తా 5.40 అవుతుంది. నీకూ ఏదో మిగలాలి కదా, 4 దగ్గర గీత గీసుకో. ఇప్పుడు గూగుల్ కీవర్డ్ ప్లానర్ తెరిచి, సెర్చ్ ఫలితాల పేజీ పైభాగంలో యాడ్ కనపడడానికి ఆ మాటకు ఎంత బిడ్ (క్లిక్కుకు వేలంపాట ధర) పలుకుతోందో చూడు. తక్కువ వైపు అంచనాయే 9 ఉంటే, ఆ మాట మీద నీకు ఎంత ముచ్చట ఉన్నా అది నీది కాదు. ఆ ధర భరించగలిగేది వస్తువు తయారుచేసేవాళ్లే. వాళ్లకు అమ్మకం మీద లాభమంతా వస్తుంది, ఆ కస్టమరే రేపు మళ్లీ వస్తాడు. నీకు దక్కేది ఒక్కసారి వచ్చే కమిషన్ ముక్క.

అదే ప్లానర్‌లో "పోటీ తక్కువ" అని కనపడితే సంబరపడిపోకు. ఆ మాటకు యాడ్స్ ఇచ్చేవాళ్లు తక్కువమంది అని మాత్రమే దానర్థం. అందరూ ప్రయత్నించి గిట్టక వదిలేసి ఉండొచ్చు కూడా.

ఇక మాటల సంగతి. ఆఫీసు కుర్చీలనే తీసుకుందాం. "ఆఫీస్ చైర్" అని వెతికేవాళ్లలో బొమ్మల కోసం వెతికేవాడుంటాడు, ఊడిపోయిన చక్రం కోసం వెతికేవాడుంటాడు, నూరు కుర్చీలు ఒకేసారి కొనే ఆఫీసు మేనేజరూ ఉంటాడు. వెతికే మనిషి ఎవరో తెలియని మాటకు నువ్వు ఎలాంటి పేజీ రాస్తావు? "నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఆఫీస్ చైర్" అన్నప్పుడు మనిషి కాస్త కనపడుతున్నాడు. "పొడవైనవాళ్లకు, నడుము నొప్పికి, తల ఆనించుకునే ఆఫీస్ చైర్" అన్నవాడైతే చాలా కుర్చీలు చూసి విసిగిపోయి ఉన్నాడు. వాడికి రెండు మోడళ్లు చూపించి, ఏది ఎందుకు సరిపోతుందో చెబితే చాలు. ఇలాంటి మాటలకు నెలకు వెతుకులాటలు తక్కువే. కానీ అలాంటివి అరవై డెబ్బై కలిస్తే పెద్ద మాట ఒక్కదానికంటే నయం. ప్లానర్ చాలాసార్లు వీటికి అంకెలే చూపించదు. దాన్ని చూసి వెనక్కి తగ్గకు.

ఇవి దొరికే చోటు ప్లానర్ కాదు. అమ్మే సైట్లలో కొన్నవాళ్లు రాసిన రివ్యూలు చదువు, ముఖ్యంగా మూడు స్టార్లవి. ఐదు స్టార్లవాళ్లు పొగడ్తతో సరిపెడతారు, ఒక స్టార్‌వాళ్లు తిట్టి వదిలేస్తారు. మూడు స్టార్లవాళ్లే "చేతులు ఆనించే చోటు పైకి లేవదు", "మోకాలు టేబుల్‌కి తగులుతోంది" అని విషయం చెబుతారు. జనం వెతికేదీ ఇంచుమించు ఆ మాటల్లోనే. మోడల్ నంబర్‌తో సహా వెతికేవాళ్లనూ వదలకు. ఒక మోడల్‌ని ఇంకోదానితో పోల్చి చూసేవాళ్లు, మోడల్ పేరు పక్కన "రివ్యూ" అని చేర్చేవాళ్లు కొనడానికి దగ్గర్లోనే ఉంటారు.

చాలామంది చూడని సంగతి ఒకటుంది. క్లిక్ చేసినవాడు ఎన్నాళ్లలోపు కొంటే నీకు కమిషన్ వస్తుందో ఆ కంపెనీ అఫిలియేట్ ప్రోగ్రామ్ నిబంధనల్లో రాసి ఉంటుంది. కీవర్డ్ ఎంచుకునేముందు ఆ గడువు చూడాలి. అమెజాన్ వాళ్ల అఫిలియేట్ ప్రోగ్రామ్ అమెజాన్ అసోసియేట్స్‌లో మామూలుగా అది 24 గంటలు. ఆలోపు వస్తువు కార్ట్‌లో పడితే మాత్రం కొనడానికి ఇంకొంత గడువు ఉంటుంది. ముప్పై రోజులు ఇచ్చే ప్రోగ్రాములూ ఉన్నాయి. "ఏ కుర్చీ మంచిది" అని ఇవాళ వెతికినవాడు వారం తిరిగి కొంటాడు. గడువు ముప్పై రోజులైతే ఆ మాట నీకు పనికొస్తుంది. ఒక్కరోజైతే నువ్వు పైకం పోసి కస్టమర్‌ని తయారుచేసి ఇంకొకరికి అప్పజెప్పినట్టే. గడువు చిన్నదైతే ఇవాళే కొనేవాడి మాటలకే పరిమితమవ్వు.

బ్రాండ్ పేర్ల జోలికి వెళ్లేముందు కూడా నిబంధనలు చదువు. కంపెనీ పేరు మీద, దాని తప్పు స్పెల్లింగుల మీద అఫిలియేట్లు బిడ్ పెట్టకూడదని చాలా ప్రోగ్రాములు రాసుకుంటాయి. అలా వచ్చిన కమిషన్ అంతా రద్దు చేసే హక్కు కూడా వాళ్లకుంటుంది. వెతుకుతున్నవాడు ఎటూ తమ దగ్గరికే వచ్చేవాడు కదా, మధ్యలో నీకెందుకివ్వాలి అన్నది వాళ్ల వాదన. నాకది న్యాయంగానే అనిపిస్తుంది. యాడ్ నుంచి నేరుగా అఫిలియేట్ లింక్‌కి పంపడం కూడా చాలాచోట్ల కుదరదు. గూగుల్ కూడా, మనుషుల్ని వేరే సైట్‌కి తోసేయడానికే పెట్టిన బోలు పేజీలకు యాడ్స్ ఒప్పుకోదు. కాబట్టి నీ పేజీలో నువ్వు సొంతంగా రాసిన సమాచారం ఉండాలి.

పేజీ బాగుంటే ధర కూడా తగ్గుతుంది. 1998లో గోటూ డాట్ కామ్ అనే సెర్చ్ సైట్ ఈ క్లిక్కుల వేలం మొదలుపెట్టినప్పుడు ఎక్కువ పాడినవాడిదే పైచోటు. 2002లో గూగుల్ క్లిక్కు లెక్కన యాడ్స్ అమ్మడం మొదలుపెట్టాక, యాడ్‌ని ఎంతమంది నొక్కుతున్నారన్నదీ లెక్కలోకి తెచ్చింది. ఇప్పుడు ప్రతి కీవర్డ్‌కీ 1 నుంచి 10 వరకు క్వాలిటీ స్కోర్ చూపిస్తుంది. ఎంతమంది నొక్కొచ్చు, వెతికినదానికీ యాడ్‌కీ పొంతన ఉందా, నొక్కి వచ్చినవాడికి పేజీ ఉపయోగపడుతుందా, ఈ మూడే అందులో చూసేవి. ఒకే పేజీకి సరిపోయే మాటలనే ఒక గ్రూపులో పెట్టు. నడుము నొప్పివాళ్లనూ గేమింగ్ కుర్చీల వాళ్లనూ కలిపావో, రెండూ పాడవుతాయి.

నీ కీవర్డ్‌కి ఎంత దగ్గరగా వెతికినవాళ్లకు యాడ్ చూపించాలో చెప్పేది మ్యాచ్. మొదట్లో బ్రాడ్ మ్యాచ్ (కాస్త సంబంధం ఉన్న మాటలన్నిటికీ చూపించేది) వద్దు. ఎగ్జాక్ట్ (సరిగ్గా ఆ మాటకే), ఫ్రేజ్ (ఆ మాట అర్థం కలిసిన వెతుకులాటలకు) మ్యాచ్‌లతో మొదలుపెట్టు. ఎగ్జాక్ట్ అని పేరే కానీ, అదే అర్థం వచ్చే వేరే మాటలకూ గూగుల్ యాడ్ చూపిస్తుంది. అందుకే సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ మొదటి వారం రోజూ చూడాలి. జనం అసలు ఏం టైప్ చేశారో అక్కడ ఉంటుంది, పూర్తిగా కాకపోయినా. "నడుము నొప్పికి కుర్చీ" అని ఫ్రేజ్ మ్యాచ్‌లో పెడితే "నడుము నొప్పికి కుర్చీ వ్యాయామాలు" అని వెతికినవాళ్లు కూడా వచ్చి పడతారు. వాళ్లు కుర్చీలో కూర్చునే ఉన్నారు, కొనరు. "వ్యాయామాలు" నెగెటివ్‌లో (యాడ్ చూపించొద్దని చెప్పే మాటల జాబితాలో) వేసేయ్. "రిపేర్", "అద్దెకు", "సెకండ్ హ్యాండ్", "ఉచితంగా", "ఫోటోలు" మొదటిరోజే వేసేయొచ్చు. నెగెటివ్‌ల దగ్గర మాత్రం గూగుల్ అర్థాలు వెతకదు. "వ్యాయామాలు" అని వేస్తే "ఎక్సర్‌సైజులు" ఆగవు, అదీ విడిగా వేయాలి. ఈ పని బోరే, తప్పదు.

సెట్టింగుల్లో సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్‌తో కలిసిన వేరే సెర్చ్ సైట్లు), డిస్‌ప్లే నెట్‌వర్క్ (గూగుల్ యాడ్స్ చూపించే మామూలు సైట్లు, యాప్‌లు) టిక్కులు తీసేయ్. రోజు బడ్జెట్ ఎంత పెట్టినా ఒక్కోరోజు దానికి రెట్టింపు దాకా ఖర్చవ్వొచ్చు. నెల మొత్తం మీద సర్దుబాటవుతుంది కాబట్టి టెన్షన్ పడకు.

ఇక ఏ మాట ఉంచాలి, ఏది తీసేయాలి? నూటికి ఒకరు కొనే మాట అయినా వంద క్లిక్కుల్లో ఒక్క అమ్మకం కూడా రాకపోయే అవకాశం 37 శాతం దాకా ఉంటుంది. 300 క్లిక్కులకు అది 5 శాతానికి పడిపోతుంది. నలభై క్లిక్కులకే విసుగొచ్చి ఆపేస్తే మంచి మాటను చంపుకున్నట్టే. అలాగని అన్నిటికీ మూడేసి వందల క్లిక్కులు కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఒకేసారి పదిహేను, ఇరవై మాటలకు మించి పరీక్షకు పెట్టకు. రెండు కమిషన్లంత ఖర్చయ్యాక కూడా ఒక్క అమ్మకం రాని మాటను తీసేయ్.

ఇదంతా జరగాలంటే ఏ అమ్మకం ఏ కీవర్డ్ నుంచి వచ్చిందో తెలియాలి. అమ్మకం జరిగేది అమ్మే కంపెనీ సైట్‌లో కాబట్టి గూగుల్‌కి అది దానంతటది తెలియదు. నీ అఫిలియేట్ లింక్‌లో సబ్ ఐడీ అని ఒకటి జతచేసే వీలుంటుంది. నీ పేజీకి వచ్చిన ప్రతి క్లిక్కుకు గూగుల్ ఇచ్చే ఐడీనీ, అది ఏ కీవర్డ్‌దన్న గుర్తునీ అందులోకి పంపు. కమిషన్ రిపోర్ట్‌లో అమ్మకం పక్కనే అవి కనపడతాయి. వాటిని గూగుల్ యాడ్స్‌లోకి తిరిగి ఎక్కించొచ్చు. అలా కొన్ని వారాలు ఎక్కించి, అమ్మకాలు కాస్త పోగయ్యేదాకా బిడ్‌లు చేత్తోనే పెట్టు. ఆటోమేటిక్ బిడ్డింగ్ ఆన్ చేయమని స్క్రీన్ మీద రోజూ సలహా వస్తూనే ఉంటుంది. ఆ డేటా లేకుండా ఆన్ చేస్తే అది కొనేవాళ్లను వెతకలేదు, నొక్కేవాళ్లనే తెచ్చిపెడుతుంది.

ఇట్లు,
మీ మావయ్య