ఈ రాత్రికి నీళ్ళన్నీ మార్చకు

తల్లీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నైట్రేట్ పరీక్ష చేసిన టెస్ట్ ట్యూబులో నీళ్ళు చిక్కటి ఎరుపులో ఉన్నాయి, అంటే చేపల వ్యర్థాలనుంచి నీళ్ళలో పేరుకునే ఆ నైట్రేట్ బాగా ఎక్కువుందని. రాత్రికి చేపల తొట్టి మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్ళు పోసేస్తానన్నావు. ఆ పని మాత్రం చేయకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే బకెట్ ముట్టుకో.

అదే పని నేనొకసారి చేశాను. మూడేళ్ళ తొట్టి నాది, చాన్నాళ్ళుగా పట్టించుకోలేదు. నైట్రేట్ చూస్తే పరీక్ష కిట్‌లో ఆఖరి రంగు, అన్నిటికంటే ఎక్కువది, వచ్చింది. కంగారుపడి ముప్పావు వంతు నీళ్ళు తోడేసి, తాజా నీళ్ళు నింపాను. చూడ్డానికి అద్దంలా ఉంది. తెల్లారేసరికి రెండు ఏంజెల్ చేపలు ఫిల్టర్ పక్కన వాలిపోయి ఉన్నాయి, మొప్పలు ఎర్రగా కమిలిపోయాయి. అవి నా దగ్గర పిల్లలప్పటినుంచి పెరిగినవి. ఆ నీళ్ళలో ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. పాత తొట్టిలో నైట్రేట్ పేరుకునే కొద్దీ పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్లగుణం చెప్పే అంకె, కూడా మెల్లగా పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు చేపల వ్యర్థాలనుంచి వచ్చే అమ్మోనియా అంత హాని చేయని రూపంలో అణగి ఉంటుంది. కొత్త నీళ్ళతో పీహెచ్ ఒక్కసారిగా లేస్తే అదే అమ్మోనియా విషమై కూర్చుంటుంది. చేపలు నెలల తరబడి మెల్లగా అలవాటుపడ్డ నీళ్ళను గంటలో మార్చేశాను, అదీ నేను చేసిన తప్పు.

ముందు రీడింగ్ నిజమేనా చూద్దాం. నైట్రేట్ కిట్‌లో రెండో సీసా అడుగున మందు గడ్డకట్టి ఉంటుంది. దాన్ని బల్లకేసి నాలుగు దెబ్బలు కొట్టి, అర నిమిషం గట్టిగా కుదుపు. చుక్కలు వేశాక ట్యూబును నిమిషం పాటు ఊపు, ఐదు నిమిషాలు ఆగు, తర్వాత పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద పెట్టి చూడు. సరిగ్గా కుదపకపోతే అసలున్న దానికంటే తక్కువ చూపిస్తుంది. లీటరుకు 40 మిల్లీగ్రాములకీ 80కీ మధ్య ఎరుపులు నా కళ్ళకే ఆనవు. అందుకని ఒక వంతు తొట్టి నీళ్ళకు నాలుగు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను ఐదుతో హెచ్చవేస్తాను. అమ్మోనియా, నైట్రైట్ కూడా చూడు, రెండూ సున్నా ఉండాలి. వాటిలో ఏది కనిపించినా, చేపలు పైకొచ్చి గుటకలు వేస్తున్నా ఆ లెక్క వేరు, వెంటనే నాకు ఫోన్ చెయ్.

అలాగే కుళాయి నీళ్ళు కూడా పరీక్షించు. ఇది చాలామంది మర్చిపోతారు. తాగే నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్ దాకా ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అంటే మనం తాగడానికి పనికొచ్చే నీళ్ళే 30, 40 మోసుకొస్తుండవచ్చు. అలాంటి నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా అంకె అంతకంటే దిగదు, ఆర్వో నీళ్ళు కలుపుకోవాలి. ఆర్వో నీళ్ళలో లవణాలు ఉండవు కాబట్టి అవి ఒక్కటే పోయకు. కాచి చల్లార్చినా లాభం లేదు, నీరు ఆవిరవుతుంది, నైట్రేట్ అక్కడే మిగులుతుంది. తొట్టిలో ఆవిరైన మేరకు నువ్వు నీళ్ళు నింపినా అంతే, ఉన్న నైట్రేట్ బయటికి పోదు.

నీ ఫిల్టర్ పాడైందని అనుకుంటున్నావు. కాదమ్మా, అది బాగా పనిచేస్తోంది కాబట్టే నైట్రేట్ వస్తోంది. చేపల వ్యర్థాలు, మిగిలిన మేత అమ్మోనియా అవుతాయి. స్పాంజిలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మామూలు ఫిల్టర్ పని అక్కడితో సరి. అక్కణ్ణుంచి దాన్ని నువ్వు బయటికి తోడాలి, లేదా మొక్కలు తినాలి.

రేపటినుంచి రోజుకు ఏడో వంతు నీళ్ళు మార్చు. క్లోరిన్ పోగొట్టే మందు వేసి, చేతికి తొట్టి నీళ్ళంత వేడి తగిలేలా చూసుకుని, సన్నటి ధారగా పోయి. కుళాయి నీళ్ళలో నైట్రేట్ లేకపోతే 80 ఉన్నది వారం రోజుల్లో 30 దగ్గరికి వస్తుంది. మామూలు చేపలకు 40 లోపు పరవాలేదు, 20 లోపైతే ఇంకా మంచిది. రొయ్యలు, చేపపిల్లలు ఇంకాస్త సున్నితం. సున్నా కోసం పాకులాడకు, మొక్కలకు కొంచెం కావాలి.

తర్వాత వారం వారం ఎంత మార్చాలో ఇలా తేల్చుకో. వారానికి తొట్టిలో 10 పెరుగుతోందనుకో. ప్రతివారం నాలుగో వంతు మారిస్తే, మార్చేముందు అంకె 40 దగ్గర నిలబడుతుంది. సగం మారిస్తే 20 దగ్గర ఆగుతుంది. ఇదీ నైట్రేట్ లేని నీళ్ళు పోసే లెక్కే. నీ తొట్టి వారానికి ఎంత పెంచుతోందో రెండు వారాలు రాసిపెట్టుకుంటే చాలు.

ఆ పెరుగుదల ఎక్కువగా మేతలోంచే వస్తుంది. నువ్వు చిటికెడు చిటికెడుగా రోజుకు నాలుగుసార్లు వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చేపలు అద్దం దగ్గరికొచ్చి తోకాడిస్తే ఆకలనుకుంటాం, నాకూ మనసు ఆగేది కాదు. కానీ అవి మనిషిని చూస్తే చాలు అలాగే వస్తాయి. రెండు నిమిషాల్లో ఒక్క పలుకు మిగలకుండా తినేంతే వెయ్యి, రోజుకు ఒకటి రెండుసార్లు. వారంలో ఒకరోజు మానేసినా పెద్ద చేపలకు ఏమీ కాదు. సైఫన్ గొట్టాన్ని గులకరాళ్ళలోకి దింపి చూడు, గోధుమరంగు మడ్డి పొగలా లేస్తుంది. మిగిలిన మేత, వ్యర్థాలు చేరేది అక్కడే, నైట్రేట్ దానిలోంచీ పుడుతుంది. ఒక్కరోజులో అంతా కెలకకు, వారానికో మూల చెయ్. ఫిల్టర్ స్పాంజిని తోడిన తొట్టి నీళ్ళలోనే పిండు, కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి బ్యాక్టీరియా చస్తుంది.

మనీ ప్లాంట్ కొమ్మ ఒకటి తెచ్చి, వేళ్ళు నీళ్ళలో, ఆకులు బయట ఉండేలా తొట్టి అంచుకు తగిలించు. నా దగ్గర అది ఏ మందూ చేయనంత మేలు చేసింది. తేలే మొక్కలు కూడా బాగా లాగుతాయి, కాకపోతే పెరిగినవి ఎప్పటికప్పుడు తీసి పారెయ్యి. అక్కడే కుళ్ళితే తిన్నదంతా మళ్ళీ నీళ్ళలోకే వదులుతాయి.

రేపు ఉదయం కుళాయి నీళ్ళ రీడింగ్, తొట్టి పీహెచ్ రెండూ పంపు. నేను లేచే ఉంటాను.

మీ పెదనాన్న