వెయ్యి మంది ఒకేసారి వచ్చారా, ఒకరి వెనక ఒకరు వచ్చారా?

"మా ఏపీఐకి జేమీటర్‌లో 1000 మంది యూజర్లతో లోడ్ టెస్ట్ చేశాం, సగటు రెస్పాన్స్ 200 మిల్లీసెకన్లు వచ్చింది, లైవ్‌కి వెళ్లొచ్చా" అని అడిగారు. వెళ్లొద్దండి. ఏపీఐ అంటే యాప్ సర్వర్‌ని సమాచారం అడిగే దారి, జేమీటర్ అంటే నకిలీ యూజర్లని పుట్టించి ఆ దారి ఎంత బరువు మోస్తుందో చూసే సాధనం. ముందు ఆ స్క్రిప్టులో ర్యాంప్-అప్ (యూజర్లందరినీ ఎంతసేపట్లో దించాలి) ఎంత పెట్టారో, లూప్ కౌంట్ (ఒక్కో యూజర్ ఎన్నిసార్లు అడగాలి) ఎంతో చూడండి. నేను చూసుకోకుండా వెళ్లాను.

మాది నెల్లూరు. అప్పుడు పనిచేసే చిన్న కంపెనీలో రొయ్యల ధరలు చెప్పే యాప్ ఒకటి చేశాం. సాయంత్రం 5 గంటలకి 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు తూగేది) ఎంత, 50 కౌంట్ ఎంత, 100 కౌంట్ ఎంత అని రైతులకి నోటిఫికేషన్ వెళ్తుంది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు నాలుగు వేల మంది దాకా ఇన్‌స్టాల్ చేసుకున్నారు. నా టెస్టులో 1000 థ్రెడ్లు (ఒక్కో థ్రెడ్ ఒక నకిలీ యూజర్), ర్యాంప్-అప్ 300 సెకన్లు, లూప్ 1. సగటు 180 మిల్లీసెకన్లు, ఒక్క ఎర్రర్ లేదు.

మొదటి రోజు కావాలనే విడవలూరు దగ్గర మా చిన్నాయన గుంట కాడికి వెళ్లాను. ఏరియేటర్లు తిరుగుతున్నాయి, ఆయన కట్ట మీద కూర్చుని చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తున్నాడు. ఐదింటికి ఫోన్ మోగింది. తువ్వాలుకి చెయ్యి తుడుచుకుని నొక్కాడు. చక్రం తిరగడం మొదలైంది.

"అబ్బయ్యా, ఇది తిరగతానే ఉందే. ధర యాడ?"

తెరని వేలితో కిందికి లాగాడు. మళ్లీ లాగాడు. యాప్ మూసి మళ్లీ తెరిచాడు. నిమిషంలో ఏడుసార్లు, నేను పక్కనే ఉండి లెక్కపెట్టాను. చివరికి బ్రోకర్‌కే ఫోన్ చేసి ధర అడిగాడు. ఆ ఫోన్ చేసే అవసరం ఆయనకి ఉండకూడదనే కదా మేం ఆ యాప్ చేసింది! ఆ పూట నాకు అన్నం సహించలేదు.

రాత్రి లాగ్స్ ముందేసుకుని లెక్క వేశాను. 300 సెకన్లలో 1000 థ్రెడ్లంటే 0.3 సెకనుకి ఒకటి బయల్దేరుతుంది. జవాబు 0.18 సెకన్లలో వచ్చేస్తోంది. అంటే రెండోవాడు వచ్చేసరికి మొదటివాడు వెళ్లిపోయాడు. వెయ్యి మంది అనుకున్న టెస్టులో ఏ క్షణం చూసినా సర్వర్ దగ్గర ఉన్నది ఒక్కడే. నిజం రైతులేమో నోటిఫికేషన్ చూసి పది పదిహేను సెకన్లలో పడ్డారు. యాప్ ఒకసారి తెరిస్తే సర్వర్‌కి ఐదు కాల్స్, అంటే ఐదు వేర్వేరు ప్రశ్నలు వెళ్తాయి, నేను టెస్ట్ చేసింది ఒక్కదాన్నే. అదీ ఒకే మొబైల్ నంబరుతో, కాబట్టి జవాబులన్నీ క్యాష్ (ఒకసారి తీసిన జవాబుని దాచిపెట్టుకునే చోటు) నుంచే వచ్చాయి. డేటాబేస్‌కి ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండాలో చూసే హికారీ పూల్ దాని డిఫాల్ట్ 10 దగ్గరే ఉంది. దానికి తోడు, పది సెకన్లలో జవాబు రాకపోతే మా యాప్ దానంతట అదే మూడుసార్లు మళ్లీ అడుగుతుంది. చిన్నాయన ఏడుసార్లు లాగితే సర్వర్‌కి ఎన్ని తగిలాయో చూడండి.

అందుకే "ఎంతమంది యూజర్లు" అనే ప్రశ్నే నాకు నచ్చదు. 1000 మంది ఒక్కొక్కరు పది సెకన్లకోసారి నొక్కితే సెకనుకి 100 కాల్స్. మధ్యలో ఆగే సమయం పెట్టకుండా, 0.2 సెకన్లలో జవాబొచ్చే ఏపీఐ మీదికి అదే 1000 థ్రెడ్లని వదిలితే 5000. రెండింటినీ "1000 యూజర్ల టెస్ట్" అనే రాస్తారు. పైగా థ్రెడ్ తన జవాబు వచ్చేదాకా రెండో కాల్ పంపదు. సర్వర్ నీరసపడితే టెస్ట్ కూడా దానికి సాయంగా నెమ్మదిస్తుంది. రైతు నెమ్మదించడు, ఇంకా గట్టిగా నొక్కుతాడు. కే6 అనే ఇంకో టెస్ట్ సాధనంలో కాన్‌స్టంట్ అరైవల్ రేట్ అని ఉంది, జవాబులతో పని లేకుండా సెకనుకి ఇన్ని అని పంపుతూనే ఉంటుంది. నోటిఫికేషన్‌తో జనం వచ్చిపడే యాప్ అయితే దాంతోనే చెయ్యండి.

ఇంకో బాధ, ఈ సగటు. పై అధికారులకి రిపోర్టులో ఒక అంకె ఉంటే చాలు. వంద మందిలో తొంభై అయిదుగురికి 100 మిల్లీసెకన్లు, అయిదుగురికి 8 సెకన్లు పడితే సగటు అర సెకను కూడా దాటదు. ఆ అయిదుగురిలో మా చిన్నాయన ఉంటాడు. 99వ పర్సంటైల్ (వందలో తొంభై తొమ్మిది జవాబులు ఎంతలోపు వచ్చాయనే అంకె) లేని రిపోర్ట్ మీద నేనిప్పుడు సంతకం పెట్టను. జేమీటర్ గ్రాఫిక్ విండోలోనే లోడ్ మొత్తం నడిపేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను. అలా చెయ్యొద్దని మొదలవగానే అదే హెచ్చరిస్తుంది, ఒక్కరూ చదవరు.

మేం ముందు నోటిఫికేషన్లని రెండు నిమిషాల మీద విడతలుగా పంపి చూశాం. "పక్క గుంటాయనకి ముందొచ్చింది, మాకెందుకు రాలేదు" అని ఫోన్లు. న్యాయమే, ధర ముందు తెలిసినవాడు ముందు బేరం కుదుర్చుకుంటాడు. ఆ పద్ధతి తీసేశాం. ధర అందరికీ ఒకటే కాబట్టి ఐదింటికి ముందే జవాబు తయారు చేసి క్యాష్‌లో పెట్టాం, ఐదు కాల్స్‌ని ఒకటి చేశాం, యాప్ దానంతట అదే మళ్లీ అడిగే రీట్రైల మధ్య విరామం ఒక్కో ఫోన్‌కి ఒక్కోలా, పోనుపోను పెరిగేలా మార్చాం. తర్వాత టెస్టులో నాలుగు వేల నంబర్లు, పదిహేను సెకన్లు, జవాబు రాకపోతే మళ్లీ నొక్కే యూజర్లు. ఆ టెస్ట్ మూడుసార్లు ఫెయిలై నాలుగోసారి పాసయ్యాకే మళ్లీ లైవ్‌కి వెళ్లాం.