ముందు ఆ గడి కొలిచారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పీడీఎఫ్ ప్యాటర్న్‌ల గురించే, అంటే గుడ్డ మీద పెట్టి కత్తిరించుకోవడానికి అసలు సైజులో గీసిచ్చే కాగితపు నమూనాలు. డబ్బులు కట్టి ఫైలు డౌన్‌లోడ్ చేసుకోవడం, ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసి అతికించుకోవడం, తర్వాత తల పట్టుకోవడం. అందుకని ఫాల్స్, పీకో, హుక్కుల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మేడమ్, మా పాప పుట్టినరోజుకి గౌను కుడదామని ఒక ప్యాటర్న్ కొని, ఇంటి దగ్గర జెరాక్స్ షాపులో 24 పేజీలు ప్రింట్ తీయించాను. పట్టికలో పాప సైజు చూసుకునే కట్ చేశాను. తీరా కుట్టాక చంకల దగ్గర పట్టేసింది, వెనక జిప్ పడటం లేదు. అతికించడంలో తప్పు లేదు, గీతలన్నీ చక్కగా కలిశాయి. ఆ పట్టికే తప్పంటారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పట్టికని తిట్టుకునే ముందు, ఆ కాగితాలు ఇంకా పారేయకపోతే మొదటి పేజీ తీయండి. దాని మీద ఎక్కడో ఒక చదరపు గడి ఉంటుంది, పక్కన 5 సెం.మీ. అనో 10 సెం.మీ. అనో, ఒక్కోసారి 1 అంగుళం అనో రాసి ఉంటుంది. స్కేలు పెట్టి కొలవండి. తక్కువే వస్తుందని నా పందెం.

గీతలన్నీ కలిశాయన్నారు చూడండి, మోసం అక్కడే ఉంది. ప్రింటర్ 24 పేజీల్నీ ఒకే లెక్కన కుదించేసినప్పుడు గీతలు కలవక ఏం చేస్తాయి, బ్రహ్మాండంగా కలుస్తాయి, గౌను మొత్తం చిన్నదైపోతుంది అంతే. ఈ ప్యాటర్న్‌లు చాలావరకు బయటి దేశాల నుంచి వచ్చేవే. అమెరికా వాళ్ళ లెటర్ కాగితం 216 మి.మీ. వెడల్పు, 279 పొడుగు. మన ఏ4 ఏమో 210 వెడల్పు, 297 పొడుగు. లెటర్ సైజు ఫైలుని మన కాగితం మీద 'ఫిట్' అని కొడితే, వెడల్పులో ఆ 6 మి.మీ. సర్దడానికి మిషన్ మొత్తం బొమ్మని దాదాపు 97 శాతానికి తగ్గించేస్తుంది. ఫైలు ఏ4దే అయినా, చాలా ప్రింటర్లు కాగితం చివరిదాకా ముద్రించలేవు కాబట్టి ఫిట్ పెడితే అప్పుడూ కుదింపే. 24 అంగుళాల ఛాతీలో 3 శాతం అంటే ముప్పావు అంగుళం కాస్త అటూ ఇటూ. పిల్లల గౌనులో ముప్పావు అంగుళం పోతే జిప్ ఎలా పడుతుంది చెప్పండి?

ఇంకో చిక్కుంది. అంగుళం గడి 97 శాతానికి తగ్గితే తేడా 1 మి.మీ. కూడా ఉండదు, కంటికి 'సరిగ్గానే ఉందే' అనిపిస్తుంది. నేనూ అలాగే అంగుళం గడిని నమ్మి ఒక మంగళగిరి డ్రెస్ మెటీరియల్ కత్తిరించేశాను, అదిప్పుడు మా అక్క కూతురి ఒంటి మీద ఉంది. 5 సెం.మీ. గడి అయితే ఒకటిన్నర మి.మీ. తేడా తెలుస్తుంది, 10 సెం.మీ.ది అయితే 3 మి.మీ. దాగదు. అంగుళం గడి మాత్రమే ఉంటే, కొలత రాసి ఉన్న ఇంకేదైనా పొడుగు గీత వెతికి దాన్ని కొలవండి. టైలర్ టేపు వద్దు, వాడగా వాడగా సాగుతుంది, పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు తీసుకెళ్ళండి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి.

షాపులో అబ్బాయికి ఫైలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, స్క్రీన్‌షాట్లు తీసి ఫొటోల్లా పంపితే కొలతల సంగతి దేవుడెరుగు. అక్కడ నిలబడి, "బాబూ, యాక్చువల్ సైజ్ పెట్టు, లేదా స్కేల్ 100 పెట్టు, ముందు గడి ఉన్న పేజీ ఒక్కటే తియ్యి" అనండి. కౌంటర్ మీదే కొలిచి, సరిపోయాకే మిగతావి తీయించండి. వెనక క్యూలో వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

కుట్టేసిన గౌనుకి పక్కల్లో మార్జిన్ ఉంటే విప్పి వదలండి, లేకపోతే చంక కింద నుంచి అంచు దాకా రెండు వైపులా అదే గుడ్డ పట్టీ వేయండి, డిజైన్ అనుకుంటారు.

ప్రశ్న: మేడమ్, నేను యాక్చువల్ సైజే పెట్టాను, గడి కూడా సరిపోయింది. అయినా 30 కాగితాలు అతికించేసరికి చివరి వరుసలో గీతలు కలవడం లేదు. రెండుసార్లు పీకి మళ్ళీ అంటించాను.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ముందు ఫ్యాన్ ఆపండి. నవ్వకండి, మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపమనడం పాపమే గానీ, పొద్దున్నే పెట్టుకుంటే ఆ అరగంట ఓర్చుకోవచ్చు.

కాగితానికి నాలుగు వైపులా మార్జిన్ కత్తిరిస్తున్నారేమో చూడండి. రెండు వైపులే చాలు, కుడి వైపు, కింద వైపు అనుకుంటే అన్ని పేజీలకీ అవే. కత్తిరించిన అంచు పక్క పేజీ గీత మీదికి వచ్చి కూర్చుంటుంది. ఇలా మార్జిన్ కత్తిరించక్కర్లేకుండా అంచుకి అంచు ఆనించే ఫైళ్ళు కూడా ఉంటాయి కాబట్టి సూచనల పేజీ ఒకసారి చదవండి, మనమెవరం చదవం. ఒక్కో వరుస విడిగా అతికించి పట్టీలా చేసుకుని, తర్వాత పట్టీకి పట్టీ కలపాలి. గచ్చు మీద టైల్స్ ఉంటే వాటి అతుకు గీతే మీ స్కేలు, మొదటి వరుస దాని వెంబడి పరిస్తే వంకర పోదు.

జిగురు సంగతి. మా అమ్మమ్మ అన్నం మెతుకులతో పుస్తకాల అట్టలు అంటించేది, కానీ తడి ఉన్న ఏ జిగురైనా కాగితాన్ని ఉబ్బించి ముడతలు తెస్తుంది, ఇంక్‌జెట్ ప్రింట్ అయితే గీతలు అలుక్కుపోతాయి కూడా. ఫెవిస్టిక్ లాంటి గట్టి జిగురు మేలు, తప్పయితే వెంటనే లేపి సర్దుకోవచ్చు. సెల్లోటేప్ వాడితే ఆ కాగితం మీద ఇస్త్రీ పెట్టకండి, టేపు కరిగి పెట్టెకి అంటుకుంటుంది.

ఇంత చేసినా అర మి.మీ. అటూ ఇటూ పోతుంది, పోనివ్వండి. కాకపోతే ప్రతి అతుకు దగ్గరా ఒక్క మి.మీ. సందు వదిలేస్తే మాత్రం ఊరుకోదు: పావు భాగం ముక్కలో రెండు అతుకులుంటే 2 మి.మీ., ముందు వెనక కలిపి నాలుగు పావులకి 8 మి.మీ. లూజు. పేజీల మీద నంబర్లు కూడా సరిచూసుకోండి. ఒకసారి 17, 18 పేజీలు తారుమారు చేసి అతికించాను, వంపులు ఎంత ముచ్చటగా కలిశాయంటే చెయ్యి రెండు మోచేతులతో వచ్చేదాకా నాకు తట్టలేదు.

ప్రశ్న: అక్కా, నేను హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఈ సరదా కోసం ప్రింటర్ కొనాలా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: వద్దు తల్లీ. ఫైల్‌తో పాటు ఏ0 అని ఇంకో ఫైల్ ఇచ్చారేమో చూడు. అది 841 మి.మీ. వెడల్పు, 1189 మి.మీ. పొడుగు, అంటే 16 ఏ4 కాగితాలు ఒకే షీటుగా అన్నమాట. ఇళ్ళ ప్లాన్లు ప్రింట్ తీసే షాపులో ఇస్తే ఒక్క ముక్కగా వచ్చేస్తుంది, అతుకుల బాధే లేదు. మీ కాలేజీలో సివిల్ వాళ్ళని అడుగు, ఆ షాపులు వాళ్ళకే తెలుస్తాయి. గడి మాత్రం అక్కడా కొలవాలి. ఫైల్లో సైజులు లేయర్లుగా ఉంటే నీ సైజు ఒక్కటే ఉంచి మిగతావి తీసేయించు, ఆ గీతల అడవిలో దారి తప్పవు.

ప్రశ్న: ఆది జాకెట్టు ఉండగా ఈ కాగితాల గోలేంటని మా అత్తయ్యగారు అంటున్నారు. ఆది జాకెట్టు కొలిచే సైజు ఎంచుకున్నాను, అయినా బ్లౌజు వదులైంది.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ అత్తయ్యగారి మాటలో సగం నిజముంది. మామూలు చీర జాకెట్టుకి ఆది జాకెట్టుని మించింది లేదు. కాలరు, ప్రిన్సెస్ కట్, కోటు, ఇలా మన దగ్గర ఆది లేని వాటికి ప్యాటర్న్ ఉపయోగం.

వదులెందుకైందంటే, ప్యాటర్న్‌లో రెండు పట్టికలుంటాయి, ఒకటి ఒంటి కొలతలది, ఇంకొకటి కుట్టాక వచ్చే కొలతలది. ఆది జాకెట్టు కొలిస్తే వచ్చేది కుట్టిన కొలత, ఒంటిది కాదు. దాన్ని తీసుకెళ్ళి ఒంటి పట్టికలో వెతికితే సైజు పెరుగుతుంది, దాని పైన ప్యాటర్న్ వాళ్ళు ఇచ్చిన లూజు ఉండనే ఉంది. ఇంకో తేడా, ఆ ప్యాటర్న్‌ల్లో కుట్టు మార్జిన్ 1 సెం.మీ. నుంచి 1.5 సెం.మీ. దాకా ఇస్తారు, కొన్నిట్లో అసలు ఇవ్వరు. మన టైలర్లు పక్కల్లో అంగుళం పైనే లోపలికి వదులుతారు కదా, ఒళ్ళు వచ్చినా మళ్ళీ విప్పుకోవడానికి. ప్యాటర్న్ గుడ్డ మీద పెట్టి గీసేటప్పుడు పక్కల్లో ఆ అంగుళం మీరే కలుపుకోండి, మెడకీ చంకకీ మాత్రం కలపకండి.

ఈసారి మంగళగిరి గుడ్డ మీద కుర్తీ ప్యాటర్న్ వేస్తున్నానని ఉత్తరం చివర రాశారు. ముందు నీళ్ళలో తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. ప్యాటర్న్ మీద బాణం గుర్తు గుడ్డ అంచుకి సమాంతరంగా ఉండాలంటారు, మామూలుగా అంతే. కానీ ఆ గుడ్డకుండే నిజాం జరీ అంచు కుర్తీ అడుగున రావాలనుకుంటే ముక్కని అడ్డం తిప్పి పరచాలి, అప్పుడు ప్యాటర్న్ అడుగు వంపుగా ఉంటే అంచు తెగిపోతుంది. అందుకని కాగితం మీదే స్కేలు పెట్టి ఆ వంపుని తిన్నగా గీసి, పక్కన పెరిగిన పొడుగుని నడుం దగ్గర కాస్త తగ్గించుకున్నాకే గుడ్డ పరవండి.